నేల వంతు

అనగనగా ఒక ఎర్రనేల ఊరు. ఆ ఊళ్లో ఓబులమ్మ చేను అందరి చేలకంటే శుభ్రంగా ఉండేది. నువ్వుల కోత అయిందంటే చాలు, వాకిలి ఊడ్చినట్టు చేనంతా ఊడ్చేది. ఎండుటాకు, కట్టె, పొట్టు అన్నీ కుప్పవేసి తగలబెట్టేది.

"మా ఓబులి చేలో నేలమీదే అన్నం వడ్డించుకుని తినొచ్చు" అని మొగుడు తిప్పయ్య మురిసేవాడు.

కానీ ఏటేటా మొక్కలు పొట్టివయ్యాయి. గింజలు తాలుపోయాయి. చివరికి కుండెడు విత్తనం మిగిలింది. అదీ పండకపోతే పిల్లల్ని చంకనేసుకుని ఊరు విడవాల్సిందే.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఓబులమ్మ ఒంటరిగా చేను ఊడుస్తోంది. గాలి లేదు. పిట్ట లేదు. ఆమె చీపురు ఆపింది. ఊడుస్తున్న చప్పుడు మాత్రం ఆగలేదు. అది కాళ్ల కిందనుంచి వస్తోంది.

"నా వంతు ఏది?" అంది నేల లోపలి గొంతు.

ఓబులమ్మ ఇంటికి పరుగెత్తింది. మర్నాడు పసుపన్నం ముద్ద తెచ్చి పెట్టింది.

"అది నీ వంతు. నా వంతు ఏది?"

ఆ మర్నాడు ఇంట్లో ఉన్న నూనంతా తెచ్చి ఒలకబోసింది. నేల చుక్క మిగల్చకుండా తాగింది.

"అదీ నీ వంతే. నా వంతు ఏది?"

ఈసారి ఆ గొంతు ఓబులమ్మ చిన్నబిడ్డ గొంతులా ఉంది. ఆకలేసినప్పటి గొంతు.

ఆమె ఇంటివైపు తిరిగింది. కానీ ఆ గొంతు విని పారిపోయే తల్లి ఉంటుందా? నిలబడి చుట్టూ చూసింది. కంచె మూలన, చీపురు దూరని ముళ్ల మధ్య, రాలిన ఆకులు కుళ్లి నల్లబడ్డాయి. వాటి నడుమ ఒక నువ్వు మొక్క, ఎండిపోయినా నిలువెత్తున ఉంది. మొదలునుంచి కొసదాకా కాయలే.

"అయ్యో! గింజ నాది, ఆకు నీది. రెండూ నేనే తీసుకున్నాను" అంది ఓబులమ్మ.

వెంటనే గుంట తవ్వింది. కట్టె, పొట్టు, కానుగ రొట్ట, వేపాకు పొరలు పొరలుగా వేసి, నీళ్లు చల్లి, మట్టి కప్పింది. కొన్నాళ్లకు తెల్లవారేసరికి గుంటలోంచి ఆవిరి లేచింది.

పక్కచేను గంగులత్త గట్టుమీదే ఆగిపోయింది. "ఏమే, ఎవర్ని పూడ్చావే? లోపల ఇంకా ఊపిరి పీలుస్తున్నారు!"

"ఎవర్నీ కాదత్తా. నేలకు అన్నం ఉడుకుతోంది."

"నీ బుర్ర ఉడికినట్టుంది!"

ఓబులమ్మ గుంటలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది. లోపల జ్వరమొచ్చిన బిడ్డ నుదురులా వెచ్చగా ఉంది. ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

తొలకరికి ఆ వేడి చల్లారింది. గుంట నిండా నల్లటి ఎరువు, వాన వాసనతో. అది చేనంతా చల్లి దున్నించి, కుండలోని విత్తనమంతా చల్లేసింది. దాచుకోవడానికి గింజ మిగల్లేదు.

ఆ ఏడు నువ్వు చేను తిప్పయ్య భుజాలదాకా లేచింది. ఏ కాయ విప్పినా గింజలు కిక్కిరిసి ఉన్నాయి. ఊరు విడిచే మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కోతయ్యాక ఓబులమ్మ మిట్టమధ్యాహ్నం చేలోకి వెళ్లి, నేలకు చెవి ఆనించింది. ఊడుస్తున్న చప్పుడు లేదు. లోపల ఏదో మెల్లగా నములుతోంది.

"తిను తల్లీ" అని, అడుగుల చప్పుడు కాకుండా ఇంటికి వచ్చేసింది.

నేల వంతు నేలకు పెట్టనివాడికి తన వంతూ దక్కదు.