వెదురు పూసిన ఏడు

జాజిగెడ్డ అడవిలో కొండ మొదలు నుంచి వాగు ఒడ్డు దాకా అంతా వెదురే. ఆ పొదల్లో అడవిదున్నలు, కణుజులు, ముళ్లపందులు, అడవికోళ్లు బతికేవి. దున్నల మందకు నల్లకొమ్ము నాయకుడు. దాని బలం చూసి పులి కూడా తప్పుకునేది. మందలో అందరికన్నా ముసలిది తెల్లగిట్ట అనే గేదె. దాని కూతురు మించు.

ప్రతి వానాకాలంలోనూ ముదిరిన వెదురు గెడలు కొన్ని ఎండిపోయేవి. వాటి పక్కనే నేలను చీల్చుకుని లేత వెదురు కొమ్ములు వచ్చేవి. మంద వాటిని కడుపారా తినేది. తినగా మిగిలినవి పెరిగి గెడలయ్యేవి.

ఒక ఏడు వానలు బాగానే కురిశాయి. కానీ ఒక్క కొమ్మూ మొలవలేదు. చలికాలం పోయేసరికి అడవంతా ఒక్కసారిగా పూసింది. ఎక్కడ చూసినా కంకులే. మించు అప్పుడే ఈనింది.

నల్లకొమ్ము పొంగిపోయింది. "ఇక వెదురు బియ్యం రాలుతుంది. మనకు రోజూ విందే" అంది.

తెల్లగిట్ట మాత్రం ఒక గెడను మూతితో తడిమి చూసింది.

"నాయనా, పూలను కాదు, గెడలను చూడు. ఆకు రాలిన చోట చిగురు రావడం లేదు. గెడలన్నీ పసుపుబారాయి. వెదురు తన సత్తువంతా గింజలోకి దింపేస్తోంది. ఆ తర్వాత దానికేమీ మిగలదు. మన కాళ్లలో బలం ఉండగానే కొండ దాటి పచ్చికలోకి పోదాం."

"వెదురు చావడమేమిటి పెద్దమ్మా? ఒకటి ఎండితే పక్కన రెండు మొలుస్తాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను."

"ఇన్నాళ్లూ లోపల వేరు బతికి ఉంది కాబట్టి మొలిచాయి. ఇప్పుడు చచ్చేది ఆ వేరు."

నల్లకొమ్ముకు కోపం వచ్చింది. "భయపడేవాళ్లు పొండి. మళ్లీ ఈ మందలో అడుగు పెట్టొద్దు" అంది.

కొన్ని గేదెలు తెల్లగిట్ట వెనుక నిలబడ్డాయి. మించు కదలలేదు.

"దూడ కొండ ఎక్కలేదమ్మా. ఇక్కడ నీడ ఉంది, గింజ ఉంది. కాస్త పెరగనీ, వస్తాను" అంది.

తెల్లగిట్ట చాలాసేపు కూతురి ముందే నిలబడింది. వెంట వచ్చేవాటికి దారి తెలియదు. చివరికి అది దూడ నుదురు నాకి, కొండ వైపు తిరిగింది.

వెదురు బియ్యం రాలింది. మంద తిన్నది, కోళ్లు తిన్నాయి. ఎక్కడి నుంచో ఎలుకలు వచ్చి, పిల్లల్ని పెట్టి, కనిపించినదంతా తినేశాయి. గింజ అయిపోయింది.

ఎండలు ముదిరాయి. ఆకులన్నీ రాలి, గెడలు ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. నీడ పోయింది. వాగు ఇంకిపోయింది. గాలి వీచినప్పుడల్లా ఎండు గెడలు ఫెళఫెళమంటూ ఒకదాని మీద ఒకటి పడి, కొండదారిని మూసేశాయి. నల్లకొమ్ము వాటిని కొమ్ములతో నెట్టబోయి మోకాళ్ల మీద పడింది. దానిలో ఆ బలం లేదు. మించు పొదుగు ఎండిపోయింది.

తొలకరి పడగానే తెల్లగిట్ట తిరిగి వచ్చింది. పడిన గెడల మధ్య దారి వెతుక్కుంటూ దిగింది. నల్లకొమ్ము ఒక మొదలుకు ఆనుకుని పడి ఉంది. డొక్కలు లెక్కపెట్టవచ్చు.

"నా మాట నమ్మి ఉండిపోయారు పెద్దమ్మా" అంది.

"మించు ఏది?"

నల్లకొమ్ము వాగు వైపు చూసి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

వాగు ఒడ్డున మించు పడి ఉంది. దూడ దాని పొదుగు దగ్గరే తల పెట్టి చనిపోయింది.

తెల్లగిట్ట వాటి పక్కన కూర్చుంది. వాన పడుతూనే ఉంది. ఎలుకల కంటపడని గింజలేవో మొలిచి, చచ్చిన మంద కళేబరాల చుట్టూ గడ్డి అంత సన్నగా లేస్తున్నాయి. అవి గెడలై నీడనిచ్చేసరికి తాను ఉండదని దానికి తెలుసు. ఆకలి వేసినా, వాటిలో ఒక్కదాన్నీ అది కొరకలేదు.

నీతి: పూతను చూసి మురిసేవాడు ఎండుతున్న మొదలును కూడా చూడాలి, చూడని నాయకుడు తనతో పాటు తనను నమ్మినవారినీ ముంచుతాడు.