పైడితల్లి మనసు పాకానికి వచ్చిన వైనం

అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవాళ్ళు చాలామందే ఉన్నా, తెలివి మాత్రం తమ ఇంట్లోనే పోగుపడిందని గవిరయ్యకూ, అతని తమ్ముళ్ళు సోములుకూ దాలయ్యకూ గట్టి నమ్మకం. వానకు గొడుగు తడిసి పాడైపోతుందని దాన్ని చొక్కాలో దాచుకుని నడిచే మనుషులు. ఇంత ముందుచూపు ఊళ్ళో ఇంకెవరికుందని అడిగేవారు. ఊరు తన గొడుగు విప్పుకుని పోయేది.

అలాంటి ఇంట్లో గవిరయ్య పెళ్ళాం పైడితల్లి మూగబోయింది. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచీ వండుతుంది, వడ్డిస్తుంది, గోడ చూస్తూ కూర్చుంటుంది. తిట్టదు. గవిరయ్యకు అదే బెంగ. ఆవిడ తిట్లు లేనిదే అన్నం దిగని మనిషి, ఇప్పుడు సగం అన్నం కంచంలోనే వదిలేస్తున్నాడు.

తమ్ముళ్ళను వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి నర్సు లలితాంబతో మొరపెట్టుకున్నాడు. ఒంటిని చూసుకున్నట్టే మనసునూ చూసుకోవాలని, ఎవరి మనసు వాళ్ళు కూడా పలకరించుకోవాలని ఆవిడ ఓపికగా చెప్పింది. అక్కడితో ఆగితే బాగుండేది. వీళ్ళకు అర్థమయ్యేలా చెబుదామనుకుంది.

"మీరు పాకం ఎలా చూసుకుంటారు? అలాగే. దగ్గరుండి, మాడకుండా, పొంగకుండా. కుదుటపడ్డాక తీసుకొచ్చి చూపించండి."

అంతే. పాకం తెలియనివాళ్ళా వీళ్ళు?

మర్నాడు మధ్యాహ్నం పైడితల్లి కాస్త కునుకు తీస్తుంటే సోములు తట్టి లేపాడు. "వదినా, నిద్ర బాగా పడతందా?" పడుతోందని ఆవిడ అటు తిరిగింది. పాకాన్ని కలపకుండా వదిలేస్తే అడుగంటుతుంది కదా, ముగ్గురూ వంతులేసుకుని ఆవిడ మంచాన్ని గుండ్రంగా తిప్పారు. పాకం ముదిరిందో లేదో నీళ్ళలో వేసి, ఉండ కడుతుందేమో చూడడం వాళ్ళ పద్ధతి. గవిరయ్య పెళ్ళాం చెయ్యి చన్నీళ్ళ బిందెలో ముంచాడు. చలికి ఆవిడ పిడికిలి బిగించింది. "వస్తంది, వస్తంది" అన్నాడు ఆశగా.

ఎవరి మనసు వాళ్ళు పలకరించుకోవాలి గనక దాలయ్య ఓ మూలకు వెళ్ళి, ఎలా ఉన్నావురా అని తనను తాను అడిగాడు. మర్యాదస్తుడు, జవాబు కోసం ఆగాడు. రాలేదు. ఇంకేముంది, వీడికి పొగరెక్కిందని తనతో తాను మాటలు మానేశాడు. సాయంత్రానికి సోములు కూర్చోబెట్టి ఇద్దరికీ రాజీ కుదిర్చాడు.

ఈ సంసారం చూసి పైడితల్లికి ఏడుపొచ్చింది. వాళ్ళమ్మ పోయాక ఏడవడం అదే మొదలు. మరుగుతున్న చెరకు రసం పొంగితే ఏం చేస్తారు? పొంగు అణగడానికి నాలుగు చుక్కలు ఆముదం వేస్తారు. ఆముదం మహిమ ఈ కాలం పిల్లలకు తెలీదు. మా రోజుల్లో కడుపునొప్పికీ తలనొప్పికీ బడి ఎగ్గొట్టినందుకూ అదే మందు. అదలా ఉంచండి. ఈ ఏడుపు పొంగు పెద్దదని సోములు ఆముదం డబ్బా మొత్తం వదిన నెత్తిన బోర్లించాడు.

పైడితల్లి నోరు తెరిచింది.

"మీ చేతులు పడిపోనూ, మీ ముగ్గురికీ కలిపి ఒక్క బుర్రయినా ఇవ్వకుండా ఎలా కనిందర్రా మా అత్త!"

గవిరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాకం వచ్చీసింది. దించండి" అన్నాడు.

అంతే. మంచంతో సహా ఎత్తి నీడలో దించారు. బెల్లం దిమ్మను చుట్టినట్టు తాటాకు చాపలో చుట్టి, బండెక్కించి, దారిలో పొంగితే ఉండాలని ఇంకో ఆముదం డబ్బా పక్కన పెట్టుకుని, ఆరోగ్య కేంద్రానికి బయల్దేరారు. దారి పొడుగునా చాప తిడుతూనే ఉంది. గవిరయ్య పెళ్ళినాటి మొహంతో బండి తోలాడు.

లలితాంబ చాప విప్పింది. ఆముదం ఓడుతున్న పైడితల్లి మొదట్నుంచీ అంతా చెప్పుకొచ్చింది. వాళ్ళమ్మ సంగతి దగ్గర మళ్ళీ కాసేపు ఏడ్చింది. దాలయ్య రాజీ దగ్గరకొచ్చేసరికి ఆవిడకే నవ్వొచ్చింది. నర్సమ్మకైతే నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు కార్చుకుంటూ బల్ల మీద వాలిపోయింది.

సోములు అన్న చెవిలో జాలిగా అన్నాడు. "పాపం, ఈయమ్మని ఎవరూ చూసుకుంటున్నట్టు లేదు. పొంగిపోయింది."

దాలయ్య అప్పటికే బండిలోని రెండో డబ్బా మూత తీస్తున్నాడు.