చదవకుండానే బాగుందన్న కొండముచ్చు

అనగనగా అంటే ఎప్పటి మాటో అనుకునేరు పిల్లలూ, ఇది పోయిన ఎండాకాలం సంగతే. ఒక అడవి. ఆ అడవిలో ఒక కాలేజీ. ఆ కాలేజీలో చిన్న కథలు రాయడం నేర్పే క్లాసు ఒకటి. పాఠం చెప్పేది ఎలుగుబంటి మాస్టారు.

ఆ క్లాసుకు ఒక పద్ధతి ఉంది. చెవులు రిక్కించి వినండి, కథంతా దీనిమీదే నడుస్తుంది. చదువుకునేవాళ్ళను మాస్టారు జతలుగా కూర్చోబెడతారు. వారం వారం ఎవరి కథ వాళ్ళు కొంచెం కొంచెంగా టేకు ఆకుల మీద గీసి తేవాలి. తెచ్చి జతవాళ్ళ చేతిలో పెట్టాలి. వాళ్ళు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి చదవాలి. ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ విసుగేసిందో, ఎక్కడ అర్థం కాలేదో మొహమాటం లేకుండా చెప్పాలి. చివరి రోజున అడవంతా కూడుతుంది. ఆ రోజు ఎవరి కథ వాళ్ళు చెప్పుకోకూడదు. జతవాళ్ళే చెప్పాలి.

"సొంత కథ సొంత నోటికి ఎలాగూ ముద్దే. పక్కవాళ్ళ నోట్లో కూడా నిలబడిందా, అప్పుడు చూద్దాం" అనేవారు మాస్టారు.

అందరికీ నచ్చిన కథ ఎవరిదైతే, వానాకాలమంతా పెద్ద గుహలో కథలు చెప్పే పని వాళ్ళది. వానలు మొదలైతే జీవాలన్నీ ఆ గుహలోనే తలదాచుకుంటాయి. కథ చెప్పేవాళ్ళ చుట్టూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కూర్చుంటాయి.

ఆ క్లాసులో ఒక ముళ్ళపంది ఉండేది. పేరు నీలవేణి. వీపు మీది ముళ్ళు చూసుకుని వాళ్ళమ్మ ముచ్చటపడి పెట్టిన పేరు. ఆ ముచ్చట ఇంకెవరికీ లేదు. ఆమె ఎదురైతే చాలు, అందరూ పక్కకు తప్పుకునేవాళ్ళు. ఆమె ఎవరినైనా పొడిచిందా? పుట్టి బుద్ధెరిగాక ఒక్కరినీ పొడవలేదు. అయినా గుహలో ఆమె చుట్టూ ఎప్పుడూ ఖాళీయే. "నేను కథలు చెబితే నా దగ్గరికీ వచ్చి కూర్చుంటారు. ఒక్క వానాకాలం కూర్చున్నా చాలు" అనుకుంది నీలవేణి. అందుకే ఆ క్లాసులో చేరింది.

ఆమెకు జతగా వచ్చినవాడు చలపతి అనే కొండముచ్చు. మాటకారి. నోరు తెరిస్తే చెట్లు కూడా ఊ కొట్టాల్సిందే. నీలవేణి ఎంత సంతోషించిందో! నా కథ ఇతని నోట పలికితే ఇంకేం కావాలి అనుకుంది.

మొదటి వారం ఆమె ఆకులు పట్టుకొచ్చింది. తన వీపు నుంచి రాలిన ముల్లుతోనే గీసింది, గుండ్రటి అక్షరాలు. చలపతి ఖాళీ చేతులతో వచ్చాడు.

"ఇప్ప పూలు రాలుతున్నాయి కదా నీలా, తీరికెక్కడ? నా కథ బుర్రలో ఉడుకుతోందిలే. వచ్చే వారం వేడివేడిగా దించుతా" అన్నాడు.

"పోనీ, నాది చదువుతావా?" అంది నీలవేణి.

"అయ్యో, అదేం మాట? ఈపూటే చదివేస్తా!"

చదివాడా? ఆకులు తీసుకెళ్ళి కొమ్మల సందున దోపాడు. అంతే.

రెండో వారం మేనమామ కూతురి పెళ్ళన్నాడు. మూడో వారం తోకకు దెబ్బ తగిలిందన్నాడు. రాసేది చేత్తో కదా, తోకతో కాదు కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. మాస్టారికి మాత్రం రాలేదు. "సరేలేవయ్యా, వచ్చేవారం అన్నీ కలిపి ఇచ్చెయ్" అన్నారు ఆయన. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఇవ్వనివాడికి వారం వారం కొత్త గడువా? ఆకు తర్వాత ఆకు గీసి తెచ్చినదాని మొహం ఎవరు చూశారు?

పాపం నీలవేణి ప్రతి వారం కొత్త ఆకులు తెచ్చేది. ప్రతి వారం అడిగేది.

"చలపతీ, చదివావా? ఎక్కడైనా సాగదీసినట్టుందా?"

"అద్భుతం! ఒక్క అక్షరం మార్చకు" అనేవాడు చలపతి. మొహం నిండా నవ్వు కూడా. చదవనివాడికి అన్నీ అద్భుతాలే మరి!

ఆ మాట నమ్మి ఆమె ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో చెప్పింది. "అమ్మా, మా జతవాడికి నా కథ నచ్చింది." వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ కొండముచ్చును చెట్టు మీంచి దించి నాలుగు దులపాలనిపిస్తుంది.

చూస్తుండగానే చివరి రోజు వచ్చింది. కొండవాలు మీద అడవంతా కూడింది. ముందు ఆడనెమలి లేచి ముంగిస రాసిన కథ చెప్పింది. తడబడుతూనే చెప్పింది, కానీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ తర్వాత మాస్టారు పిలిచారు. "చలపతీ, నీలవేణి కథ చెప్పవయ్యా."

చలపతి కొమ్మల సందులోంచి లాక్కొచ్చిన ఆకుల కట్టలో గబగబా పై ఆకు ఒక్కటి చూశాడు. దానిమీద ఇలా ఉంది. 'ఒక ముళ్ళపంది బొరియ ముందు పొదలో పికిలిపిట్ట గూడు కట్టింది.' ఇక రెండో ఆకు తిప్పే వ్యవధి లేదు. అయితే ఏం, నోరుంది కదా!

అసలు కథేమిటో ముందు మీకు చెబుతాను, ఎందుకంటే ఆ రోజు ఎవరూ వినలేదు. ఆ కథలో ముళ్ళపంది పొదలోంచి నడిస్తే ముళ్ళు తగిలి గూడు కదులుతుందని భయపడుతుంది. ఆ దారి మానేస్తుంది. రాళ్ళ నేలలో గోళ్ళు అరిగేలా తవ్వి బొరియకు వెనక వైపు ఇంకో దారి చేసుకుంటుంది. పిల్లలు ఎగిరిపోయేదాకా తల్లిపిట్టకు ఆ సంగతే తెలియదు. అంత మంచి కథ.

చలపతి చెప్పిందేమిటో తెలుసా?

"ఒక ముళ్ళపంది బొరియ ముందు పికిలిపిట్ట గూడు కట్టింది. ముళ్ళపందికి కోపం వచ్చింది! నా గుమ్మంలో నీకేం పని అంది. ఝాడించి ముళ్ళు విసిరింది! గూడు చిల్లులు పడింది! గుడ్లు పగిలాయి! పిట్ట గిలగిలా కొట్టుకుంది!"

ఎగిరాడు, దొర్లాడు, పిట్టలా కిచకిచలాడాడు. పిల్ల జీవాలు కెవ్వుమన్నాయి. పెద్దవి చప్పట్లు కొట్టాయి. ఆ తర్వాత అందరి తలలూ నీలవేణి వైపు తిరిగాయి.

"అది నా కథ కాదు!" అంది నీలవేణి.

"నీ ఆకులే కదమ్మా చేతిలో ఉన్నవి. నీ జాతి సంగతి నీకు తెలియకపోతుందా?" అంది కుందేలు. అంటూనే పిల్లల్ని వెనక్కి లాక్కుంది. దాన్ని చూసి జింక లేచింది. జింకను చూసి ఇంకొకరు. తల్లులంతా పిల్లల్ని తీసుకుని దిగిపోయారు. మాస్టారు ఆ ఆకులు లాక్కుని చివరిదాకా చదివేసరికి వాలు మీద వినేవాళ్ళే లేరు.

గుహలో కథలు చెప్పే పని ముంగిసకు దక్కింది.

"నీలవేణీ, నీ జతవాడి కథ చెప్పమ్మా" అన్నారు మాస్టారు నీరసంగా. పద్ధతి ప్రకారం అడగాలి కదా.

"ఏం చెప్పను మాస్టారూ? ఇతను ఒక్క ఆకు కూడా ఇవ్వలేదు. అయినా నేను వారం వారం అడుగుతూనే ఉన్నాను. మీరూ వారం వారం సరేలే అంటూనే ఉన్నారు" అంది నీలవేణి.

మాస్టారు తల వంచుకున్నారు. తర్వాత చలపతి వైపు తిరిగి ఉరిమారు. "ఇప్పుడు కూర్చుని చదువు. చదివి ప్రతి గుమ్మానికీ వెళ్ళి అసలు కథ చెప్పిరా!"

చలపతి చదివాడు. చదువుతుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరగాలి, బాగా తిరగాలి! ఆకులు చంకన పెట్టుకుని బయల్దేరాడు.

కుందేలు గుమ్మంలో, "పికిలిపిట్ట కథేగా? విన్నాం, విన్నాం. పిల్లలు ఇంకా నిద్రలో ఉలిక్కిపడుతున్నారు, వెళ్ళు బాబూ" అన్నారు.

జింకల దగ్గర, "ముళ్ళపంది తనను తాను మంచిదానిలా రాసుకుందా? రాసుకోదూ మరి!" అని నవ్వారు.

ఉడుత ఇంట్లో పిల్లలు మాత్రం చివరిదాకా విన్నారు. విని ఒక పిల్ల అడిగింది. "మామా, మొన్న నువ్వే కదా ముళ్ళపంది పిట్ట గుడ్లు పగలగొట్టిందన్నావు. ఈరోజు దారి తవ్విందంటున్నావు. అబద్ధం అప్పుడు చెప్పావా, ఇప్పుడు చెబుతున్నావా?"

అడవంతటినీ ఊ కొట్టించిన మాటకారి ఆకులు మళ్ళీ చంకన పెట్టుకుని చెట్టు దిగిపోయాడు.

వానలు వచ్చాయి. జీవాలన్నీ గుహలో చేరాయి. ముంగిస కథ మొదలుపెట్టింది. నీలవేణి చుట్టూ ఖాళీ అంతకుముందు ఏడాది కంటే ఇంకా పెద్దదైంది. చలపతి అందరినీ దాటుకుంటూ వచ్చి ఆ ఖాళీలో ఆమె పక్కన కూర్చున్నాడు.

"నీలా, చదివాను. నిజంగా అద్భుతంగా ఉంది" అన్నాడు.

నీలవేణి అతని వైపు తిరగలేదు.

"ఈ మాట నువ్వు ఇదివరకు చాలాసార్లు అన్నావు చలపతీ" అంది.

నీతి: మనం ఎగ్గొట్టిన పని దెబ్బ మనకంటే ముందు మనల్ని నమ్మినవాళ్ళకు తగులుతుంది, ఆ తర్వాత ఎంత నిజం చెప్పినా మన మాట చెల్లదు.