కాలేజీకి కొత్త గుల్ల

అనగనగా ఒక అడవి. అడవి అనగానే పులీ సింహమూ అనుకుంటారేమో, అవేవీ అక్కడ లేవు. సముద్రం ఒడ్డున, బురదలో నిలబడి ఉప్పునీళ్లు తాగే మడచెట్ల అడవి అది. ఆ బురదలో మిరియం అనే పీతపిల్ల ఉండేది. మామూలు పీత కాదు, గుల్లపీత. ఈ గుల్లపీతలకు నడుము కిందంతా మెత్తగా ఉంటుంది పిల్లలూ. అందుకని నత్తలు వదిలేసిన ఖాళీ గుల్లలో దూరి, దాన్నే మోసుకు తిరుగుతాయి. వాటికి ఇల్లూ అదే, ఒంటిమీద బట్టా అదే. ఒళ్లు పెరిగితే గుల్ల మార్చాలి.

ఆ ఏడు మిరియానికి కాలేజీలో సీటొచ్చింది. కాలువకు అవతల, ఇసుకదిబ్బ మీద నీటికుక్క మాస్టారి కాలేజీ ఉంది. గాలిని బట్టి తుఫాను ఎప్పుడొస్తుందో, నీటిని బట్టి సముద్రపు పోటు ఎప్పుడు, ఎంత ఎత్తు లేస్తుందో అక్కడ నేర్పుతారు. మిరియం వాళ్ల వంశంలో ఆ దిబ్బ ఎక్కిన పీత ఒక్కటీ లేదు. వాళ్ల నాన్న చెప్పాపెట్టకుండా వచ్చిన పోటులోనే కొట్టుకుపోయాడు. ఆ చదువు ఎంత అవసరమో మిరియానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మాస్టారి నియమం ఒక్కటే. "గంట కొట్టేలోగా దిబ్బ మీద ఉండాలి. మూడుసార్లు ఆలస్యమైతే పేరు కొట్టేస్తాను. ఇక్కడ నేర్చుకునేదే వేళ సంగతి. వేళ తెలియని వాళ్లకు ఇక్కడేం పని?"

అంతా బాగానే ఉంది కానీ, మిరియం గుల్ల బిగుతైపోయింది.

"మూడోనాటికి అమావాస్య. గుల్లల వరస ఉంది, అందాకా ఓర్చుకోవే," అంది అమ్మ.

గుల్లల వరస అంటే చెబుతాను వినండి. అమావాస్యనాడు నీరు బాగా వెనక్కి తీసినప్పుడు గుల్లపీతలన్నీ ఒడ్డున నిలబడతాయి. ముందు అందరికన్నా పెద్దది, చివర అందరికన్నా చిన్నది. పెద్దది కొత్తగా కొట్టుకొచ్చిన గుల్లలోకి మారుతుంది. అది విడిచిన గుల్ల రెండోదానికి, రెండోది విడిచింది మూడోదానికి. అలా చివరిదాకా ఎవరి ఒంటికి తగ్గ గుల్ల వాళ్లకు దొరుకుతుంది.

మిరియం మూతి ముడుచుకుంది. "ఒకరు విడిచింది తొడుక్కుని కాలేజీకి పోవాలా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ. నడవడానికి వీలుగా ఉంటే చాలదూ?"

"నాకు వరసా వద్దు, పాతవీ వద్దు. నా గుల్ల నేనే చూసుకుంటాను!" అని విసవిసా వెళ్లిపోయింది మిరియం.

కాలువ గట్టున కొమ్మ మీద ఒక లకుముకిపిట్ట కూర్చుని వచ్చేపోయే వాళ్లకు వంకలు పెడుతుంటుంది. నీలం రెక్కలున్నాయి కదా, ఆ మాత్రం టెక్కు తప్పదు.

"కాలేజీ పిల్లవా? ఈ మట్టిరంగు గుల్లతోనే!" అంది పిట్ట. "స్టైలంటే అదుగో, ఆ ముళ్లశంఖం!"

మిరియం పాత గుల్లను గట్టుపక్క మడచెట్ల వేళ్ల మధ్యకు విసిరికొట్టి, శంఖంలో దూరింది. చూడ్డానికి మహారాణిలా ఉంది. పది అడుగులు వేసిందో లేదో బురదలో దిగబడింది. లాక్కుని, పీక్కుని, దిబ్బ ఎక్కేసరికి గంట కొట్టేశారు.

"ఒకటి," అన్నారు మాస్టారు.

రెండోనాడు పిట్ట తళతళలాడే గవ్వను చూపించింది. గవ్వ మూతి సన్నం. మిరియం కడుపు బిగబట్టి సగం దూరింది. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. అంచులు కోసుకుని ఒళ్లంతా మంట.

"రెండు," అన్నారు మాస్టారు.

మూడోనాడు దొరికింది అసలు సరుకు. ఎవరో పడవవాళ్లు పారేసిన సీసామూత. ఎర్రటి ఎరుపు! బరువే లేదు. మిరియం పరుగులాంటి నడకతో గంటకు ముందే దిబ్బ ఎక్కేసింది. తోటి పిల్లలంతా చుట్టూ మూగారు. "ఎక్కడిదే? మాకూ చెప్పవూ?" అన్నారు. మిరియం ఉబ్బితబ్బిబ్బయింది.

అంతలో ఇసుక మీద గద్ద నీడ పడింది. పిల్లలంతా చటుక్కున తమ గుల్లల్లోకి ముడుచుకున్నారు. మిరియం ఎక్కడికి ముడుచుకుంటుంది? మూతకు లోపలంటూ ఉంటే కదా! గద్ద ఎర్రమూతను కాళ్లతో పట్టి లాగేసింది. మిరియం ఊడి కిందపడింది. మాస్టారు పరుగున వచ్చి తన పొట్ట కింద దాచకపోతే కథ ఇక్కడితో అయిపోయేదే.

గద్ద వెళ్లిపోయాక మాస్టారు అడిగారు. "ఇంటికెళ్లి మళ్లీ ఎప్పుడొస్తావమ్మా?"

మిరియం ఇసుక దులుపుకుంటూ చెప్పింది. "రేపే వస్తాను మాస్టారూ. గంటకన్నా ముందే వస్తాను."

"ఈ ఒంటితోనా?"

"ఒంటిని సరిగ్గా కప్పుకునే వస్తాను."

ఆ రోజే అమావాస్య. మిరియం సిగ్గుతో చచ్చిపోతూ ఒడ్డుకు చేరింది. వరస ఆగిపోయి ఉంది. పెద్దవాళ్లంతా గుల్లలు మార్చుకున్నారు. మిరియం నిలబడాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ పక్కన అమ్మ మిరియం కోసం, ముందువాళ్లు విడిచిన ఒక గోధుమరంగు గుల్లను పట్టుకుని నిలబడింది. వెనకాల, మిరియం కన్నా ఒంట్లో చిన్నదైన పొట్టిపిన్ని, ఆమె వెనక ఇంకో ఏడుగురు.

"వచ్చావుటే!" అంది పొట్టిపిన్ని. ఆమె గుల్ల పగిలి రెండుచోట్ల చిల్లులు పడింది. "నీ పాత గుల్ల కోసమే పొద్దుటినుంచి చూస్తున్నాను. నాకు సరిపోయేది అదొక్కటే. నేను మారితే కదా వీళ్లు మారేది! ఏదే అది?"

వరసకు తను రాకపోతే నష్టం తన ఒక్కదానికే అనుకుంది మిరియం కానీ, తన వెనక ఇంతమంది ఆగిపోతారని ఎప్పుడూ అనుకోలేదు.

"విసిరేశాను పిన్నీ. వెళ్లి తెస్తాను."

"ముందు నువ్వు ఇందులో దూరవే తల్లీ. పోటు మొదలవుతోంది," అంది అమ్మ.

"గుల్ల మోసుకుపోతే పోటు వచ్చేలోగా తేలేనమ్మా. ఇలాగే వెళ్తాను."

అలాగే పరిగెత్తింది. లకుముకిపిట్ట పైనుంచి పకపకా నవ్వింది. "అయ్యయ్యో! ఒంటిమీద నూలుపోగైనా లేకుండా బయల్దేరావే!"

"నవ్వుకో. నాకు పనుంది," అంది మిరియం, తలైనా ఎత్తకుండా.

గట్టుపక్క చెట్టువేళ్ల మధ్య బురద తవ్వింది. గుల్ల సగం పూడుకుపోయింది. మళ్లీ తవ్వింది. నీరు కాళ్లను తాకింది. ఆపకుండా తవ్వి, గుల్లను పైకి లాగి, ఈడ్చుకుంటూ వచ్చింది. నీరు వెంటే వస్తోంది. దాని కన్నా నాలుగడుగులు ముందే ఒడ్డు చేరి, గుల్లను పిన్ని ముందు పెట్టింది. ఆ తరువాతే గోధుమరంగు గుల్లలో దూరింది. సరిగ్గా పట్టింది. వెనకాల వరస చకచకా కదిలింది.

మర్నాడు మిరియం గంటకు ముందే దిబ్బ మీద ఉంది. మాస్టారు పాఠం మొదలుపెడుతూ అడిగారు. "ఈ రోజు పోటు ఎప్పుడొస్తుంది? ఎవరు చెబుతారు?"

మిరియం లేచి నిలబడింది. "నిన్న కాలువ దగ్గర ఎండ నడినెత్తి మీదుండగా నా కాళ్లను తాకింది మాస్టారూ. మొన్న ఇంకాస్త ముందే వచ్చింది. కాబట్టి ఈ రోజు ఎండ కాస్త వాలాక వస్తుంది."

మాస్టారు తల పంకించారు. "అందరూ రాసుకోండి. మిరియం చెప్పింది నిజం."

అందరూ రాసుకున్నారు. ఆ రోజు మిరియం గుల్ల ఏ రంగులో ఉందో ఎవరూ చూడలేదు. మిరియానికైతే ఆ సంగతే గుర్తు రాలేదు.

నీతి: చూసేవాళ్ల మెప్పు కోసం కాకుండా మన ఒంటికీ, మన పనికీ తగ్గట్టు తొడుక్కోవాలి, మనం విడిచింది విసిరేసే ముందు దానికోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారేమో చూసుకోవాలి.