ఉడుము మూసిన గుమ్మం

పాలవాగు అడవిలో కుందేళ్లు, ముంగిసలు, ఒక ఏదుపంది, ఒక ఉడుము ఉండేవి. వాటి ఇళ్లన్నీ వాగుకు వెళ్లే బాట పక్కనే. ఎండాకాలంలో ఆ బాట బాగానే ఉండేది. వాన పడితే మాత్రం ఒకటే బురద.

కిందటి వానాకాలంలో ఏదుపంది కూన ఆ బురదలో కూరుకుపోయింది. తల్లి దాన్ని బయటికి లాగేసరికి ఊపిరి సన్నగా ఆడుతోంది. కూన బతికింది గాని, ఆనాటి నుంచి మబ్బు కనిపిస్తే చాలు, అమ్మ పొట్ట కిందికి దూరిపోయేది.

అందుకే "బాటకు రాళ్లు పరుద్దాం" అని ముసలి తాబేలు అనగానే, అందరికంటే ముందు తల ఊపింది ఏదుపందే.

"బాట అందరిదీ. మట్టి పోసి ఎత్తు చేసే పని అందరం చేద్దాం. ఏనుగు తొక్కి గట్టి చేస్తుంది" అంది తాబేలు. "రాళ్లు మాత్రం ఎవరి ఇంటి ముందు ఎంత బాట ఉంటే అంతమేరకు వాళ్లే తేవాలి. గుమ్మం ముందు నేల పొడిగా ఉంటే ఆ సుఖం ఆ ఇంటివాళ్లదే కదా!"

ఏదుపంది తన ఇంటి వైపు చూసుకుంది. దాని ఇల్లు మలుపులో ఉంది. రెండు వైపులా బాటే!

ఉడుము పకపకా నవ్వింది. "మూల ఇల్లు కావాలని ముచ్చటపడ్డావుగా అక్కా! మొయ్యి మరి రెండింతలు."

"నీ ఇల్లు మాత్రం తక్కువ పొడుగా మామా?" అంది ముంగిస.

ఉడుము నవ్వు ఆగిపోయింది. గబగబా ఇంటికి పోయి, బాట వైపు గుమ్మాన్ని మట్టితో మూసేసింది. వెనక తుప్పల వైపు ఇంకో కన్నం తవ్వుకుంది.

"చూశారా! ఈ బాటతో నాకిక పనేముంది? ఒక్క రాయి కూడా తేను" అంది. ఎందరు బతిమాలినా వినలేదు. ఉడుంపట్టంటే ఉడుంపట్టే.

ఏదుపంది మాత్రం తాబేలు దగ్గరికి వెళ్లింది. "తాతా, రెండు వైపులా మోయడం నా వల్ల కాదు. ఇల్లు వదిలేసి గుట్ట మీదికి పొమ్మంటావా? ఈ చంటిదాన్ని పెట్టుకుని ఎక్కడికని పోను?"

తాబేలు మలుపు దాకా నడిచి వెళ్లి చూసింది. "తప్పు నాదేనమ్మా. మలుపు సంగతి నాకు తట్టలేదు. నువ్వు దిగేది ఒక గుమ్మంలోంచే కదా! ఆ వైపు రాళ్లు నీవి. రెండో వైపువి అందరివీ. నీవైనా ఒక్కసారే తేనక్కర్లేదు. వాగు నుంచి వచ్చేటప్పుడల్లా ఒకటి దొర్లించుకురా, చాలు."

ఏదుపంది అలాగే చేసింది. వెనకాలే కూన కూడా ముక్కుతో ఒక గులకరాయిని నెట్టుకుంటూ వచ్చేది. తొలకరి నాటికి బాట అంతా రాళ్లు పడ్డాయి, ఒక్క ఉడుము ఇంటి ముందు తప్ప.

వాన దంచికొట్టింది. ఉడుము ఇంటి ముందు పోసిన మట్టి రాళ్లు లేక కొట్టుకుపోయి పల్లం పడింది. ఎత్తుగా ఉన్న బాట మీది నీళ్లన్నీ ఇటు నుంచీ అటు నుంచీ జారి ఆ ఒక్క పల్లంలోకే చేరాయి. మట్టి గుమ్మం కరిగిపోయి ఇంట్లోకి నీళ్లు పోటెత్తాయి, వెనక కన్నం కూడా పూడుకుపోయింది. ఉడుము కంగారుగా బాట మీదికి దూకబోయి, తన ఇంటి ముందే బురదలో దిగబడింది.

"అమ్మా, ఎవరో బురదలో ఉన్నారు!" అంది కూన. అంటూనే వానలోకి దిగి, తడి రాళ్ల మీద టపటపా నడిచి వెళ్లింది. తల్లి దాన్ని చూసి ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత ఒక కొమ్మ నోట కరుచుకుని పరుగెత్తింది.

"పట్టుకో తమ్ముడూ!"

ఉడుము పట్టుకుంది. ఈసారి దాని పట్టు మంచికే పనికొచ్చింది.

వాన తెరిపిచ్చేదాకా ఉడుము ఏదుపంది ఇంట్లోనే ముడుచుకు కూర్చుంది. తెరిపి ఇవ్వగానే వాగు వైపు నడిచింది. తడి రాళ్లు బరువు. ఒకటి తెచ్చేసరికే రొప్పు వచ్చింది.

రెండోది తెచ్చేసరికి ఎదురుగా కూన, ముక్కు ముందు ఒక గులకరాయి.

"ఇక్కడ నీ ఇల్లు లేదు కదరా!" అంది ఉడుము.

"నేను నడుస్తాగా మామా!" అంది కూన.

నీతి: పదిమంది బాటలో మన వంతు ఎగ్గొడితే ఆ గుంత మన గుమ్మం ముందే మిగులుతుంది; మోయలేనివారి వంతుకు తలా ఒక చెయ్యి వేస్తే బాట అందరినీ దాటిస్తుంది.