మాఘంలో తాటిపండ్ల చప్పుడు

జీడితోటకీ చెరువుకీ మధ్య పొడుగాటి ముళ్ళకంచె ఉంది. ఆ కంచెకి ఒకే ఒక్క కంత. సరిగ్గా ఆ కంతకి అడ్డంగా ఒక అడవిపంది పడుకునేది. దాన్ని అందరూ దొర అనే పిలిచేవారు. అలా పిలవకపోతే ఏమవుతుందో చూద్దామని ఎవరికీ అనిపించలేదు.

సింగారి అనే మేకకి మాత్రం ఒకరోజు అనిపించింది. నీళ్ళకి వెళ్తూ, కాస్త జరగమని దొరతో అంది. దొర జరగలేదు సరికదా, లేచి తల వంచి మీదికి దూకాడు. మేకకి తెలిసిన విద్య ఒక్కటే, ఎదురొచ్చినదాన్ని తలతో ఢీకొట్టడం. సింగారి అదే చేసింది. కళ్ళు తెరిచేసరికి ముళ్ళపొదలో ఉంది. ఎడమ కొమ్ము కొస విరిగి దొర కాళ్ళ దగ్గర పడి ఉంది.

"ఇంకోసారి ఇటు కనబడితే రెండోది కూడా ఇక్కడే వదిలేసి వెళ్తావు," అన్నాడు దొర, మళ్ళీ పడుకుంటూ.

సింగారి కుంటుకుంటూ పాకకి వచ్చి మూడు రోజులు లేవలేదు. నొప్పి కంటే దిగులు ఎక్కువగా ఉంది. అది పుష్యమాసం. ఇవతలి గుంటల్లో ఇంకా నీళ్ళున్నాయి. చైత్రం వచ్చేసరికి అన్నీ ఎండిపోతాయి. ఆ కంత దాటలేకపోతే పుట్టిన చోటు వదిలేసి, కొండ అవతల ముక్కూ మొహం తెలియని మందలో చేరాలి.

నాలుగోరోజు పొద్దున చలికాలం చుట్టంగా వచ్చిన ఒక కొంగ పాక మీద వాలింది. జపాను నుంచి వచ్చిందట. సింగారి కొమ్ము చూసి సంగతి అడిగి తెలుసుకుంది. తమ దేశంలో జుజుత్సు అని ఒక పాత విద్య ఉందనీ, అది వచ్చినవాళ్ళు ఎంత చిన్నవాళ్ళైనా ఎంత పెద్దవాణ్ణైనా బోర్లా పడేస్తారనీ చెప్పింది. ఎదురు నిలవరట, తప్పుకుంటారట, వచ్చినవాడి ఊపుతోనే వాణ్ణి పంపించేస్తారట.

సింగారి నొప్పి మరిచిపోయి లేచి నిలబడింది. ఆ విద్య ఎక్కడ నేర్పుతారని అడిగింది.

"నేర్పేవాళ్ళు అన్నిచోట్లా ఉన్నారు. నేర్పుతామనేవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. నీ కళ్ళతో చూసి ఎంచుకో," అని కొంగ ఎగిరిపోయింది.

ఇక సింగారి కాలు ఒకచోట నిలవలేదు. మేత ముందు నిలబడి కూడా దొర వెల్లకిలా పడ్డట్టు ఊహించుకుని నవ్వుకునేది. కనబడిన ప్రతివాళ్ళనీ జుజుత్సు బడి ఎక్కడుందని అడిగింది. ఆఖరికి ఉడత చుక్కమ్మ చెప్పింది, కొండ అవతల పనసచెట్టుకి ఏదో బోర్డు కట్టారని. సింగారి ఆ మధ్యాహ్నమే బయల్దేరింది.

బోర్డు నిజంగానే ఉంది. 'అసలు సిసలైన ప్రాచీన జపాను జుజుత్సు. నెల రోజుల్లో నల్ల నడికట్టు' అని రాసి ఉంది. ఆ నడికట్టు ఉంటే విద్య పూర్తిగా వచ్చినట్టేనట. బోర్డు కింద చిరిగిన గొడుగుగుడ్డ నడుముకి చుట్టుకుని నక్కయ్య కూర్చున్నాడు. నిన్నటిదాకా పీతల కోసం వాగులో తిరిగిన నక్కయ్యే. ఇప్పుడు మాత్రం సెన్సై అంటేనే పలుకుతున్నాడు. జపానులో గురువుని అలాగే అంటారట.

సింగారి దండం పెట్టి, మీకు ఈ విద్య ఎవరు నేర్పారని అడిగింది.

"నాకు నేర్పగలిగేవాడు ఇంకా పుట్టలేదు. ఇది నాలోంచే పుట్టింది," అన్నాడు నక్కయ్య.

ఆ ఉత్సాహంలో సింగారికి అది గొప్ప మాటలాగే వినిపించింది. చేరేముందు ఒక పూట పాఠం చూస్తానంటే, ఇది రహస్య విద్య, బయటివాళ్ళు చూడకూడదన్నాడు. అదీ గొప్పగానే తోచింది. చేరిపోయింది. కొత్త శిష్యులు మొదటి వారం గురుసేవ చెయ్యాలన్నాడు. గురుసేవ అంటే వాగులో పీతలు పట్టి తేవడం, సాయంత్రం కాళ్ళు పట్టడం. మేక పీతలు పట్టడం ఎవరూ చూసి ఉండరు. వారం తిరిగేసరికి సింగారి ముక్కు పనసకాయలా గరుకు తేలింది. అయినా పాఠం ఎప్పుడా అని రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపింది.

ఎనిమిదోరోజు పాఠం మొదలైంది. పాత శిష్యులు నలుగురు, నలుగురూ గొర్రెలే, వరసగా నిలబడ్డారు. నక్కయ్య పదడుగుల దూరంలో నిలబడి గాలిలో ముంగాలు ఊపాడు. మొదటి గొర్రె దభీమని పడింది. దాన్ని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది, ఆ వెనకే నాలుగోది. సింగారికి ఒళ్ళు జలదరించింది. ముట్టుకోకుండానే నలుగురు పడిపోయారు. దొర ఒక్కడు ఏపాటి?

తర్వాత సింగారి వంతు. నక్కయ్య ముంగాలు ఊపాడు. సింగారి నిలబడే ఉంది. మళ్ళీ ఊపాడు. సింగారి నెమరువేస్తూ ఆశగా చూస్తోంది.

"పడు," అన్నాడు నక్కయ్య పళ్ళ బిగువున.

"ఎందుకండీ?"

"నా శక్తి తగిలింది కాబట్టి."

"నాకేం తగల్లేదండీ. పోనీ దగ్గరికొచ్చి ఒక్క తోపు తొయ్యండి."

"నీలో భక్తి లేదు," అన్నాడు నక్కయ్య.

సింగారి పక్కకి తిరిగి నాలుగో గొర్రెని అడిగింది, నీకేం తగిలిందక్కా అని. నాకేం తెలుసు, ముందామె పడింది కదా అంది నాలుగోది. రెండోదీ మూడోదీ అదే చెప్పాయి. చివరికి మొదటి గొర్రె చెవి దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పింది, "నేను పడకపోతే ఆయనకి చిన్నతనంగా ఉంటుంది కదమ్మా."

నక్కయ్యకి ఆ గుసగుస వినబడనే వినబడింది. గొడవెందుకు, కావాలంటే నల్ల నడికట్టు ఇప్పుడే ఇచ్చేస్తాను పట్టుకెళ్ళమన్నాడు. నడికట్టు చూసి దొర ఆగడు కదా అని సింగారి కొండ దిగి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే చుక్కమ్మ పరామర్శకి వచ్చింది. సింగారి మూలన పడుకుని, పీతల సంగతి తప్ప మిగతాదంతా చెప్పింది. ఇంతలో పాక వెనక దబ్బుమని ఏదో పడింది. కాసేపటికి మళ్ళీ దబ్బు.

"ఈ తాటిపండ్లొకటి, పొద్దున్నే కన్నంటుకోనివ్వవు," అని విసుక్కుంది సింగారి.

చుక్కమ్మ తోక నిటారుగా లేచింది. "తాటిపండ్లు రాలేది భాద్రపదంలో కదా వదినా. ఇది మాఘం."

సింగారి దవడ ఆగిపోయింది. ఆ చప్పుడు తనకి ఊహ తెలిసినప్పటి నుంచీ వింటోంది. ఏ కాలంలో వినబడుతోందో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఇద్దరూ పాక వెనక్కి పరుగెత్తారు.

అక్కడ ఒక పాత పుట్ట ఉంది. పుట్ట కింద ఎండుటాకులు మందంగా పరిచి ఉన్నాయి. ఒక ముసలి కోడిపెట్ట, ఒక ముంగిస ఒకరినొకరు పట్టుకుని పడేసుకుంటున్నాయి. పడ్డ ప్రతిసారీ ఆకుల మీద దబ్బుమని కాలు చరిచి, దొర్లి, మరుక్షణం లేచి నిలబడుతున్నాయి. పుట్ట మీద నుంచి బంతిలా చుట్టుకున్న ఒక అలుగు దొర్లుకుంటూ వచ్చి, కింద విప్పుకుని నిలబడింది. ఒళ్ళంతా పెంకులు, చిన్న కళ్ళు, బాగా పెద్ద వయసు.

"ఏం కావాలి?" అంది అలుగవ్వ.

"దొరని పడెయ్యడం నేర్చుకోవాలవ్వా."

"ఇక్కడ ముందు పడటం నేర్పుతాం."

"అది నాకొచ్చు. మొన్ననే పడ్డాను."

"పడ్డాక ఎన్నాళ్ళకి లేచావు?"

"నాలుగోనాటికి."

"అయితే రాదు," అంది అలుగవ్వ.

సింగారికి కోపం రావలసిన మాటే. కానీ ముక్కు మీద పీత గాట్లు ఇంకా మండుతున్నాయి. ఈసారి అడగవలసింది గట్టిగా అడిగింది, నీ గురువెవరని.

అలుగవ్వ తడుముకోకుండా చెప్పింది. తనకి నేర్పింది జపాను కొంగ. ఆ కొంగకి వాళ్ళ అమ్మమ్మ నేర్పింది. ఏటా చలికాలం కొంగ వస్తుంది, తన విద్య చూస్తుంది, తిడుతుంది, వెళ్తుంది. ఈ ఏడు కూడా పడేటప్పుడు ఎడమ భుజం ముందు ఆనుతోందని తిట్టి, వారం కిందటే వెళ్ళింది.

"ఇంత పెద్దదానివి, నిన్ను కూడా తిడుతుందా?"

"ఆవిడ తిట్టడం మానేస్తే నేను నేర్పడం మానేస్తాను."

సింగారికి తన పాక మీద వాలిన కొంగ గుర్తొచ్చింది. బడి ఇంటి వెనకే ఉందని ఆవిడ ఎందుకు చెప్పలేదని అడిగింది. సొంత శిష్యురాల్ని పొగుడుకోవడం ఆవిడకి నచ్చదని అలుగవ్వ చెప్పింది. పాఠం చూడొచ్చా అంటే, నెల్లాళ్ళు కూర్చుని చూడు, ఈ ఉడతమ్మని కూడా తెచ్చుకో, నచ్చితేనే చేరు అంది. సింగారి నెల్లాళ్ళు ఆగలేదు. ఆ పూటే ఆకుల మీదికి దిగింది.

ఆ తర్వాత పడటమే పడటం. ముందుకి, వెనక్కి, పక్కకి, గట్టు మీద నుంచి, ముసలి పెట్ట తోస్తే, ముంగిస లాగితే. రోజూ సాయంత్రం ఒళ్ళు హూనం, మనసు మాత్రం ఉరకలు. మాఘం వెళ్ళేసరికి ఎలా తోసినా దొర్లి లేవడం వచ్చింది.

అసలు కష్టం తర్వాత మొదలైంది. అలుగవ్వ చుట్టుకుని పుట్ట మీద నుంచి మీదికి దొర్లుకొచ్చేది. సింగారి చెయ్యవలసిందల్లా ఒక్కడుగు పక్కకి జరగడం. ఏ జంతువైనా జరుగుతుంది, మేక జరగదు. తల దానంతటదే దిగిపోయి అవ్వ పెంకులకి ఠంగుమని తగిలేది. రోజుకి ముప్పైసార్లు ఠంగుమనేది. ఫాల్గుణం సగంలో ఒక పొద్దున ఠంగుమనలేదు. సింగారి కాలు పక్కకి పడింది, అలుగవ్వ దొర్లుకుంటూ పోయి పాక గోడకి కొట్టుకుంది. సింగారి ఎగిరి గంతేసింది. అవ్వ మట్టి దులుపుకుని, ఇంకోసారి అంది.

చైత్రం వచ్చింది. ఇవతలి చివరి గుంట ఎండి నెర్రెలిచ్చిన పొద్దున, సింగారి కంచె దారి పట్టింది. చుక్కమ్మ నోట్లో మాట దాగదు కదా, కబురు కొండ అవతలికి కూడా వెళ్ళింది. నక్కయ్య గొర్రెల్ని వెంటబెట్టుకుని వచ్చి, దూరంగా దిబ్బ మీద కూర్చున్నాడు.

"రెండో కొమ్ము తెచ్చావా?" అన్నాడు దొర.

"తెచ్చాను దొరా. దాహంగా ఉంది, దారివ్వండి."

దొర లేచి దూకాడు. ఎంత నేర్చినా మేక మేకే, సింగారి తల దిగిపోయింది. దెబ్బకి గాల్లోకి లేచి, దొర మీదుగా కంత వైపుకి ఎగిరింది. కానీ నేల తగిలేలోగా ఒళ్ళు గుండ్రమైంది, దబ్బుమని కాలు చరిచి, దొర్లి, లేచి నిలబడింది. దొర వెనక్కి తిరిగి అయోమయంగా చూశాడు. తను కొట్టాక ఎవరైనా లేవడం అతను ఎన్నడూ చూడలేదు. ఆ ఉక్రోషంతో ఉన్న బలమంతా కూడగట్టుకుని మళ్ళీ వచ్చాడు.

సింగారి ఆగింది. దొర కళ్ళలో ఎరుపు కనబడేదాకా ఆగింది. ఒక్కడుగు పక్కకి వేసింది. పక్కనుంచి దూసుకుపోతున్న దొరని వెనక నుంచి తలతో ఒక్క తోపు తోసింది, అతను పోతున్న వైపుకే. దొర కంతలోంచి దూరి, గట్టు దిగి, చెరువు బురదలో వెల్లకిలా పడ్డాడు. నాలుగు కాళ్ళూ ఆకాశం చూశాయి. దిబ్బ మీద గొర్రెలు నాలుగూ అలవాటుకొద్దీ పడ్డాయి.

ముందుగా తేరుకున్నది నక్కయ్యే. దిబ్బ మీద నిలబడి, అందరూ చూశారా, ఇక్కడి నుంచి నేను చెయ్యి ఊపాను కాబట్టే దొర పడ్డాడు అని చాటాడు. చుక్కమ్మ ఏదో అనబోతే సింగారి ఆపింది. గురువుగారు చెప్తుంటే మధ్యలో రాకూడదంది.

బురదలో దొర లేచి కూర్చున్నాడు. "నన్ను పడేసిందెవరు?" అని గర్జించాడు. ఒక మేక అని అతని బుర్రకి తట్టనే లేదు.

గొర్రెలు నాలుగూ లేచి, భక్తిగా దిబ్బ వైపు చూపించాయి.

"మా సెన్సైయే దొరా," అంది మొదటి గొర్రె. మిగతా మూడూ అదే మాట అన్నాయి.

"మళ్ళీ ఊపండి గురువుగారూ, లేస్తున్నాడు," అంది సింగారి.

నక్కయ్య నిజంగానే ఒకసారి ఊపాడు. దొర పడలేదు సరికదా, గట్టెక్కి దిబ్బ మీదికే వచ్చాడు. అంతే, నక్కయ్య కొండ వైపు పరుగు తీశాడు, వెనకే దొర. గొడుగుగుడ్డ నడికట్టు ముళ్ళకంచెకి చిక్కుకుని అక్కడే మిగిలిపోయింది. పనసచెట్టు కింద నక్కయ్యని మళ్ళీ ఎవరూ చూడలేదు. దొర మాత్రం సాయంత్రానికి తిరిగొచ్చి కంత పక్కన పడుకున్నాడు. సింగారి వస్తే కాళ్ళు ముడుచుకుంటాడు. ఎందుకో అతనికీ తెలియదు.

సింగారి కడుపునిండా నీళ్ళు తాగి, గెంతుకుంటూ పుట్ట దగ్గరికి వచ్చింది. జరిగిందంతా విని, మొదటిసారి తల ఎందుకు దించావని తిట్టి, ముప్పైసార్లు పడమంది అలుగవ్వ. మర్నాడు గొర్రెలు నాలుగూ వచ్చి, పడటం తమకి బాగా వచ్చని చెప్పాయి. ఎవరైనా తోసేదాకా ఆగడం నేర్పుతాను, వరసలో నిలబడండి అంది అవ్వ.

తమని ఇంకా దిద్దే గురువు ఉన్నవారి దగ్గరే విద్య నేర్చుకోవాలి.