సుబ్బరత్తమ్మ కుర్చీలోంచి

మా గురువుగారి షెడ్డుకి టీవీ కొనాల్సి వచ్చి, ఏది కొనాలో తేల్చే పని నా నెత్తిన పడింది. పడిందని మర్యాదకి అంటున్నాను. ఎవరూ అడక్కముందే చెయ్యెత్తింది నేనే.

టీవీ అవసరం సుబ్బరత్తమ్మ వల్ల వచ్చింది.

మాచర్లలో సాగర్ రోడ్డు పక్కన ఒకప్పటి పత్తి గోడౌన్ ఒకటుంది. రైలుపెట్టెలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పెద సైదులు గురువుగారు ప్రతి ఆదివారం అందులో కూర్చుని నాలుగు మంచి మాటలు చెబుతారు. ఆయన దూదేకుల ఇంట పుట్టిన మనిషి. తాను ఏకిన దూదితో తానే కుట్టుకున్న పరుపు నేలమీద పరుచుకుని కూర్చుంటారు. ఎదురుగా చాపల మీద మేం. మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి వెనక గోడ వారన కుర్చీలు. గురువు నేలమీద ఉంటే, ఆయన ఎదుట కుర్చీ వేసుకుని ఎత్తున కూర్చోవడం మా దగ్గర తప్పు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఆ కట్టడి మాత్రం గట్టిది.

సుబ్బరత్తమ్మకి చిన్నప్పట్నుంచీ చెవుడు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. ఇన్నేళ్ళూ మొదటి చాప మీద, గురువుగారికి సరిగ్గా ఎదురుగా ఆమె చోటు. ఈ ఎండాకాలం మోకాళ్ళు మొరాయించాయి. కుర్చీ ఎక్కింది. కుర్చీతో పాటే వెనక గోడకి పోయింది. ఖాళీ అయిన చోటు వృథా పోకూడదని నేను కూర్చున్నాను.

కొన్ని వారాలు ఓపిక పట్టి, ఓ ఆదివారం వెళ్ళిపోతూ గుమ్మంలో నిలబడి చెప్పింది. తన గొంతు తనకి వినపడదు గనక ఆమెకి మెల్లగా మాట్లాడటం రాదు. ఊరంతా వినపడుతుంది.

"ఇంక నేను రానయ్యా. వచ్చి ఏం చెయ్యను? ఆటో ఎక్కి ఇంతదూరం వచ్చి ఫ్యాను తిరగటం చూసి పోతన్నా. ఫ్యాను మా ఇంట్లో కూడా తిరగతంది."

నేను ఆమె ఎదుటికి వెళ్ళి, పెదాలు బాగా కదిపి, "కుర్చీ ముందుకి వేస్తాం పిన్నీ" అన్నాను.

"గురువు నెత్తిమీద కూచోమంటావా? బుద్ధుండే మాట్లాడతన్నావా అంకారావా?" అంది.

గురువుగారు వచ్చే ఆదివారం ఒక్కటి రమ్మని సైగ చేశారు. ఆమె, ఒక్కటంటే ఒక్కటే అన్నట్టు వేలు చూపించి వెళ్ళిపోయింది.

అప్పుడు చెన్నకేశవులు లేచాడు. బజార్లో టీవీల కొట్టు అతనిది. "గురువుగారి ముందు కెమెరా పెడదాం. పక్కన టీవీ. వెనక కూర్చున్నవాళ్ళకి మనిషి పెద్దగా కనపడతాడు. టీవీ కొన్న ధరకే నేనిస్తా, కెమెరా మా తమ్ముడిది ఉంది. ఏ టీవీ కావాలో ఎవరన్నా కొట్టుకొచ్చి తేల్చుకోండి" అన్నాడు.

అదిగో, నేను చెయ్యెత్తింది అక్కడే.

నేను విత్తనాల కొట్లో పనిచేస్తాను. ఇంటర్ రెండుసార్లు తప్పాను గానీ, ఫోన్లో చూసి నేర్చుకోవడంలో నన్ను తప్పించినవాడు లేడు. అప్పటిదాకా కంది విత్తనానికీ మినుముకీ ఇంగ్లీషులో తేడా తెలియనివాణ్ణి, ఆ వారంలో హెచ్‌డీ, ఫుల్ హెచ్‌డీ, ఫోర్‌కే, ఎయిట్‌కే అని నిద్రలో కలవరించే స్థితికొచ్చాను. మా ఆవిడ దిష్టి తీసింది.

చెన్నకేశవులు కొట్లో రెండు తేలాయి. రెండిటి ధరా ఒకటే. ఒకటి నలభై మూడు అంగుళాలది, ఫోర్‌కే. దాని తెర మీద ఎనభై లక్షల చుక్కలు, అదే పిక్సెళ్ళు. రెండోది యాభై ఐదు అంగుళాలది, ఫుల్ హెచ్‌డీ. అంత పెద్ద తెరకి ఇరవై లక్షల చుక్కలే.

విత్తనాలు పరీక్షించే భూతద్దం జేబులోనే ఉంది. రెండు తెరల మీదా ఒకే చిలక బొమ్మ ఆడుతుంటే, ముక్కు ఆనించి చూశాను. చిన్నదాంట్లో చిలక ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడ్డాయి. పెద్దదాంట్లో అదే చిలక దగ్గరికి పోతే గళ్ళగళ్ళుగా ఉంది.

"ఇంక చూసేదేముంది? చిన్నదే" అన్నాను.

"అన్నా, కెమెరా పంపేది ఫుల్ హెచ్‌డీనే గదా. ఇరవై లక్షల చుక్కలే వస్తయ్. తతిమ్మా అరవై లక్షలు ఎక్కడ్నించి తెస్తావు?" అన్నాడు చెన్నకేశవులు.

"తతిమ్మావి టీవీయే లెక్కేసుకుని నింపుకుంటది. దాన్ని అప్‌స్కేలింగ్ అంటారు."

"నువ్వు టీవీలమ్మితే నేను విత్తనాలు అమ్ముకుంటాలే అన్నా" అన్నాడు. అయినా మంచివాడు. "రెండూ ఆదివారం షెడ్డుకి తెస్తా. గురువుగారే చెప్తారు" అన్నాడు.

ఆదివారం వచ్చింది. గురువుగారి పరుపుకి అటొకటి ఇటొకటి, స్టాండ్ల మీద రెండు టీవీలు నిలబెట్టాం. ఎదురుగా కాస్త పక్కగా కెమెరా. స్విచ్చి వెయ్యగానే ముగ్గురు గురువులు కనపడ్డారు. జనం ఓహో అన్నారు. సుబ్బరత్తమ్మ వెనక గోడ దగ్గర తన కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సంచి ఒళ్ళోంచి దించలేదు.

నేను ముందుకెళ్ళి గురువుగారికి అంతా విడమర్చి చెప్పాను. చుక్క అంటే ఏమిటి, చుక్కలు దగ్గరగా ఉంటే ఏమిటి, దూరంగా ఉంటే ఏమిటి. ఆయన శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఒక్కటే అడిగారు.

"మరి లేని చుక్కలు?"

"అవి టీవీ ఊహించుకుని నింపుకుంటది గురువుగారూ."

"ఊహించుకునేదానికి టీవీ ఎందుకు, నువ్వున్నావు గదా" అన్నారు.

జనం నవ్వారు. నేనూ నవ్వాను. అది పొగడ్తేనని ఊహించుకున్నాను.

"చూడండి, ఈ చిన్నదాంట్లో మీ గడ్డం" అని భూతద్దం తీశాను. నిజంగా అద్భుతం. ఒక్కో వెంట్రుకా ఒక్కో దారప్పోగు. ఇంత తేటగా గురువుగారిని నేనెప్పుడూ చూడలేదు. అప్పుడే ఇంకోటి కనిపెట్టాను. గడ్డం ఒత్తుగా, పొడుగ్గా ఉంది గానీ, పైపెదవి మీద మీసం మాత్రం అంచు దాకా కురచగా కత్తిరించి ఉంది. కత్తెర గాట్లు కూడా తెలుస్తున్నాయి.

"మీసం ఎందుకట్లా కత్తిరిస్తారు గురువుగారూ?"

"అడ్డం వస్తది."

"దేనికి, తినేదానికా?"

"నువ్వు ఈ టీవీలు ఎక్కడ నిలబడి చూశావు?" అన్నారు.

"ఇట్లాగే, దగ్గరగానే."

ఆయన పరుపు మూల కుట్టు కొంచెం విప్పి, చిటికెడు దూది లాగారు. దాన్ని రెండు ఉండలు చేసి నా రెండు చెవుల్లోనూ కుక్కారు. దూదేకుల వాళ్ళ చెయ్యి. ఫ్యాను చప్పుడు కూడా ఆగిపోయింది. తర్వాత వెనక గోడ వైపు వేలు చూపించారు.

షెడ్డంతా నడిచి వెనక్కి వెళ్ళాను. సుబ్బరత్తమ్మ ఎందుకో అర్థమైనట్టు గోడ పట్టుకుని లేచింది. ఆమె కుర్చీలో కూర్చున్నాను.

అక్కణ్ణించి చూస్తే ఎనభై లక్షల చుక్కలూ కలిసి ఒక అగ్గిపెట్టె అయ్యాయి. అందులో తెల్లగా ఏదో ఉంది. అది గడ్డమని నాకు ముందే తెలుసు గనక గడ్డం అనుకున్నాను. పెద్దదాంట్లో మనిషి తెలుస్తున్నాడు. దగ్గరికి పోతే కనపడ్డ గళ్ళు ఇక్కడికి ఒక్కటీ రాలేదు. తెల్లటి గడ్డానికీ తెల్లటి మీసానికీ నడుమ నోరు ఒక్కటి విడిగా, ఏ వెంట్రుకా అడ్డం లేకుండా కదులుతోంది.

చేతిలో భూతద్దం ఉంది. దాన్ని జేబులో పెట్టుకున్నాను.

గురువుగారు ఏదో చెబుతున్నారు. ముందు కూర్చున్నవాళ్ళ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వుతున్నారన్నమాట. నాకు ఒక్క ముక్క తెలియడం లేదు. అంతమంది నడుమ నాకొక్కడికే తెలియకపోవడం ఎట్లా ఉంటుందో చెప్పలేను. నేనూ నవ్వు మొహం పెట్టాను.

పక్కన సుబ్బరత్తమ్మ పెద్ద టీవీ వంక కళ్ళు చికిలించి చూస్తోంది. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. ఆమె గొంతుకి దూది ఏం అడ్డం?

"'వాడు మాట్లాడకుండా ఇంతసేపు ఎప్పుడన్నా ఉన్నాడా' అంటన్నాడు నిన్ను!"

పెద్ద టీవీ గెలిచింది. చెన్నకేశవులు చేతులు రెండూ పైకెత్తాడు. నేను లేచి, ఆమె మొహానికి ఎదురుగా నిలబడి, "పెద్దదే ఉంచేద్దాం పిన్నీ. నోరు కనపడుతుందిగా, ఇంక ప్రతి ఆదివారం వస్తావుగా?" అన్నాను.

ఆమె మళ్ళీ టీవీ వంక చూసింది. చాలాసేపు చూసింది.

"నోరు కనపడతంది" అంది. "చూపే ఎటో ఉంది. నా వంక చూట్లా."

కెమెరా పక్కగా ఉంది మరి. గురువుగారు చూసేది జనాన్ని, కెమెరాని కాదు. కెమెరా జరిపితే సర్దుకుంటుందేమోనని నేను ఆలోచిస్తున్నాను. కోణం ఎంత ఉండాలి, ఎత్తు ఎంత ఉండాలి అని లెక్కలు మొదలుపెట్టాను కూడా. సుబ్బరత్తమ్మ సంచి భుజానికి తగిలించుకుంది.

అప్పుడు గురువుగారు లేచారు.

పరుపు చుట్టారు. చంకన పెట్టుకున్నారు. చాపల నడుమ దారి చేసుకుంటూ, షెడ్డు పొడుగునా నడిచి వస్తున్నారు. జనం కాళ్ళు ముడుచుకుంటూ తలలు తిప్పుకుంటూ చూస్తున్నారు. వెనక గోడ దాకా వచ్చి, సుబ్బరత్తమ్మ కుర్చీకి ఎదురుగా పరుపు పరిచి, దాని మీద కూర్చున్నారు. ఆమె నిలబడే ఉంది. ఆయన తలెత్తి ఆమె వంక చూసి, కుర్చీ చూపించారు.

"అయ్యా, నీకంటే ఎత్తున..." అంది. జీవితంలో మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. పక్కనే ఉన్నాను గనక ఆ మాత్రం అందింది.

ఆయన పెదాలు కదిలాయి. నా చెవుల్లో ఇంకా దూదే, ఏమన్నారో నాకు తెలియదు. సుబ్బరత్తమ్మకి తెలిసింది. సంచి దించి కుర్చీలో కూర్చుంది.

ఇంక షెడ్డంతా తిరగబడింది. వెనక గోడ ముందయింది. ఎవరికి వాళ్ళు చాపలు లాక్కుని ఆయన చుట్టూ చేరారు. ముందెప్పుడూ చోటు దొరకని వాళ్ళు ముందుకొచ్చారు. నన్ను కూడా అటూ ఇటూ నెట్టారు. తేరుకుని చూసుకునేసరికి నా చాప ఒక్కటే షెడ్డు ఆ చివర, పాత మొదటి చోట ఉంది. వెళ్ళి దాని మీద కూర్చున్నాను. ఇంకెక్కడా చోటు లేదు. నా వెనక రెండు టీవీలు ఖాళీ నేలని చూపిస్తున్నాయి. చిన్నదాంట్లో ఆ నేల పగుళ్ళు చాలా తేటగా ఉన్నాయి.

కాసేపటికి చెన్నకేశవులు నడుమ నిలబడి, ఒక చెయ్యి టీవీల వైపూ ఒక చెయ్యి గురువుగారి వైపూ చాచి ఏదో అడిగాడు. ఏ టీవీ ఉంచమంటారు, ఏది తీసుకుపొమ్మంటారు అనే అయ్యుంటుంది.

గురువుగారు ఆ చివర్నుంచి నా వంక చూశారు. నోరు కదిలింది. నేను చాప మీద మోకాళ్ళ మీద లేచి, మెడ చాచి, కళ్ళు చికిలించి చూశాను. ఏమీ పట్టుకోలేకపోయాను.

సుబ్బరత్తమ్మ కుర్చీలోంచి ఇటు తిరిగింది. షెడ్డు రేకులు అదిరేట్టు చెప్పింది.

"నిన్నే అడగమంటన్నాడు అంకారావా! ఇప్పుడు దూరం నీదంట!"